ఆట మధ్యలో తెర నల్లబడుతోంది, శబ్దం మాత్రం వస్తూనే ఉంది: గ్రాఫిక్స్ కార్డు పోయినట్లేనా?

లాలాగూడ లోకో పైలట్:

అందరికీ నమస్కారం. దక్షిణ మధ్య రైల్వేలో లోకో పైలట్‌గా చేసి రిటైరైనవాణ్ని. సికింద్రాబాద్, కాజీపేట, బల్లార్షా మార్గంలో ఎలక్ట్రిక్ ఇంజన్లు నడిపాను. ఇప్పుడు లాలాగూడలో ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద రైలు సిమ్యులేటర్ నడుపుతున్నాను. చాలామందికి ఇది ఆట కావచ్చు. నాకు మాత్రం జీవితమంతా చేసిన పనిని వదలకుండా ఉండే మార్గం. వేగ పరిమితులు, సిగ్నళ్లు, బ్రేకు ఎక్కడ మొదలుపెట్టాలన్న లెక్క, అన్నీ డ్యూటీలో పాటించినట్లే పాటిస్తాను. గంటన్నర నడిపి, పెద్ద స్టేషన్‌లోకి అనుమతించే హోమ్ సిగ్నల్ దాటుతుండగా తెర నల్లబడిపోతే మనసు విలవిల్లాడుతుంది.

జరుగుతున్నది ఇదీ. ఏ హెచ్చరికా లేకుండా బొమ్మ ఒక్కసారిగా పోతుంది. మానిటర్ మీద సిగ్నల్ లేదన్న మాట కనిపించి, అదీ ఆరిపోతుంది. ఇంజన్ చప్పుడు, పట్టాల శబ్దం మాత్రం కొద్దిసేపు వినిపిస్తూనే ఉంటాయి. అదే క్షణంలో గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు పెద్ద హోరుతో తిరగడం మొదలుపెడతాయి. ఆ తర్వాత ఏ కీ నొక్కినా బొమ్మ తిరిగి రాదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం తప్ప వేరే దారి లేదు. మళ్లీ ఆన్ చేస్తే ఏమీ జరగనట్లే లేస్తుంది. సినిమాలు చూసినా, మనవరాలు పాఠాలు చదువుకున్నా ఏ ఇబ్బందీ లేదు.

గమనించిన సంగతులు రాసి పెట్టుకుంటున్నాను. ఇంజన్‌లో లోపం కనిపిస్తే లాగ్ బుక్కులో రాయడం మాకు అలవాటు. పొలాల మధ్య, చిన్న స్టేషన్ల మధ్య పోతున్నప్పుడు దాదాపు రాదు. పెద్ద యార్డు, వర్షం, రాత్రి దీపాలు ఉన్నచోట వస్తుంది. ఒంటిగంట ఎండలో గది ఉడికిపోతున్నప్పుడు త్వరగా వస్తుంది, తెల్లవారుజామున ఆలస్యంగా వస్తుంది. అంతుపట్టనిది ఒకటుంది. రైలును ఎంచుకునే మెనూ దగ్గర, బండి కదలకముందే కూడా వచ్చింది. అక్కడ కార్డుకు అంత పని ఏముంటుంది?

యంత్రం మా అబ్బాయిది. ఉద్యోగం మీద పుణే వెళ్తూ నాకు వదిలిపెట్టాడు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3070 కార్డు, 650 వాట్ల పవర్ సప్లై, విండోస్ 11. పాత పవర్ సప్లై చెడిపోతే నిరుడు దగ్గర్లోని ఒక దుకాణంలో మార్పించాం. ఆట ఫైళ్లు సరిచూశాను. ఆటను తీసేసి మళ్లీ ఎక్కించాను. అదే దుకాణానికి తీసుకెళ్తే విండోస్ మొత్తం కొత్తగా వేసి పంపారు. ఇంటికి రాగానే మళ్లీ అదే పరిస్థితి. విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ కెర్నల్ పవర్ 41 అని ఎర్ర గుర్తుతో కనిపిస్తోంది. దాన్ని చూసి ఒకరు పవర్ సప్లై పోయిందన్నారు, ఇంకొకరు కార్డు పోయిందన్నారు. కొత్త కార్డు కొనిపెడతానని అబ్బాయి అంటున్నాడు. ఏ భాగం పోయిందో తేలకుండా వాడి డబ్బు ఖర్చు చేయించడం నాకు ఇష్టం లేదు. ఏది చూస్తే ఏది తేలుతుందో తెలిసినవారు చెప్పండి. ఎంత ఓపికగానైనా చూస్తాను.

ఘట్‌కేసర్ బీటెక్ విద్యార్థి:

అంకుల్, నమస్తే. విండోస్ కొత్తగా వేశారు కాబట్టి పాత డ్రైవర్ అవశేషాల సమస్య కాకపోవచ్చు. అయినా ఒకసారి చేసి చూడటంలో నష్టం లేదు. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది, అందరూ డీడీయూ అంటారు. ముందు కార్డు తయారీ సంస్థ సైటు నుంచి కొత్త డ్రైవర్ దింపుకుని పెట్టుకోండి. తర్వాత ఇంటర్నెట్ తీగ తీసేసి, సేఫ్ మోడ్‌లో విండోస్ తెరిచి, డీడీయూతో పాత డ్రైవర్‌ను పూర్తిగా తీసేయండి. మామూలుగా మళ్లీ ఆన్ చేసి కొత్తది ఎక్కించండి. ఇంటర్నెట్ ఎందుకు తీయాలంటే, మీరు ఎక్కించేలోపే విండోస్ తనకు తోచిన డ్రైవర్‌ను తెచ్చి పెట్టేస్తుంది.

ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్ఎంపీ ఆన్‌లో ఉందేమో, యంత్రం లేచేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగుల్లో చూడండి. ఉంటే కొన్నాళ్లు ఆపి చూడండి. ఆట మీద తేలే ఓవర్‌లేలు, రికార్డింగ్ ప్రోగ్రాంలు కూడా ఆపేయండి. మా హాస్టల్లో ఒకరికి ఓవర్‌లే తీసేయగానే ఆట మూసుకుపోవడం ఆగిపోయింది. అయితే అతనికి డెస్క్‌టాప్ తిరిగి కనిపించేది, మీకులాగా ఫ్యాన్లు హోరెత్తేవి కావు.

మలక్‌పేట్ నివాసి:

ముందు కేబుల్ మార్చి చూడండి. డిస్‌ప్లేపోర్ట్ తీగ చెడితే కూడా తెర ఇలాగే నల్లబడి శబ్దం వస్తూ ఉంటుంది. హెచ్‌డీఎంఐ తీగ ఒకటి ఇంట్లో టీవీకి ఉంటుంది కదా, దానితో నడిపితే తేలిపోతుంది. పైసా ఖర్చు లేదు.

పార్క్‌లేన్ రిపేరు పనివాడు:

సార్, నేను పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర చాలా ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. మీరు రాసినంత వివరంగా లోపం చెప్పేవాళ్లు మా దగ్గరికి అరుదుగా వస్తారు. కంప్యూటర్ ఆగిపోతోందండీ అని పెట్టి వెళ్లిపోతారు. ఎలా ఆగిపోతోందన్న దాంట్లోనే సగం జవాబు ఉంటుంది.

ఒక్కొక్కటే చూద్దాం. యంత్రం మొత్తం టప్పున ఆరిపోతే, అంటే దీపాలు, ఫ్యాన్లు, శబ్దం అన్నీ ఒకేసారి పోతే, కరెంటునో యూపీఎస్‌నో పవర్ సప్లైనో అనుమానించాలి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. దాని మీద ఆటల కంప్యూటర్ పెడితే మంచి సన్నివేశం రాగానే అంతా ఆరిపోతుంది. మీది అలా కాదు. నీలం తెర వచ్చి దానంతట అదే రీస్టార్ట్ అయితే ర్యామ్, ప్రాసెసర్, డ్రైవర్ చూడాలి. మీది అదీ కాదు. ఆట మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తే ఆటలోనో డ్రైవర్‌లోనో ఉంటుంది. అదీ కాదు.

శబ్దం వస్తూ, బొమ్మ పోయి, కార్డు ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరిగితే, ప్రాసెసర్ బతికే ఉంది, కార్డు ఒక్కటే చేతులెత్తేసింది. ఫ్యాన్ల వేగాన్ని అదుపు చేసే తెలివి పనిచేయకపోతే అవి గరిష్ఠ వేగానికి పోతాయి. అందుకే ఆ హోరు. మలక్‌పేట్ సోదరుడు చెప్పిన తీగ సంగతి మంచి సలహానే, కానీ తీగ పోతే ఫ్యాన్లు అలా అరవవు.

కార్డు ఎందుకు చేతులెత్తేస్తుందంటే మూడు కారణాలు. వేడి, కరెంటు అందకపోవడం, లేదా కార్డు మీదే ఏదో భాగం చెడిపోవడం. మొదటి రెండూ తేల్చకుండా మూడోది అనకూడదు. కొత్త కార్డు కొనమనడం తేలిక. కొత్తది పెట్టాక కూడా అదే జరిగి ఏడ్చినవాళ్లను చూశాను.

మీరు చెప్పాల్సినవి ఇవి. బొమ్మ పోయిన వెంటనే కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కితే దాని దీపం వెలుగుతూ ఆరుతూ ఉందా? కంప్యూటర్ గోడ సాకెట్‌కే ఉందా, ఇన్వర్టర్ మీద ఉందా? పక్క పలక తీసి చూస్తే పవర్ సప్లై నుంచి కార్డుకు ఎన్ని తీగలు వెళ్తున్నాయి? కార్డు దగ్గర ఎన్ని ప్లగ్గులు ఉన్నాయన్నది వేరే ప్రశ్న. పవర్ సప్లై దగ్గర మొదలయ్యే తీగలు ఎన్నో చూడండి. తెరిచే ముందు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి ఉంచండి. లోపల మిగిలిన చార్జి పోతుంది.

లాలాగూడ లోకో పైలట్:

బాబూ, ఘట్‌కేసర్ అబ్బాయీ, నువ్వు చెప్పినట్లే డ్రైవర్ శుభ్రంగా తీసి ఎక్కించాను. ఓవర్‌లేలు ఆపాను. ర్యామ్ మామూలు వేగానికి దించాను. మార్పు లేదు, కానీ ఒక అనుమానం తీరింది. మలక్‌పేట్ వారు చెప్పిన హెచ్‌డీఎంఐ తీగతోనూ అదే జరిగింది.

పార్క్‌లేన్ వారికి జవాబులు. తెర నల్లబడ్డాక నమ్ లాక్ దీపం నొక్కిన ప్రతిసారీ మారుతోంది. కంప్యూటర్ గోడ సాకెట్‌కే ఉంది. ఇన్వర్టర్ మీద దీపాలు, ఫ్యాన్లు మాత్రమే పెట్టించాను. పక్క పలక తీసి చూశాను. కార్డు మీద 8 పిన్నుల ప్లగ్గులు రెండున్నాయి. ఆ రెండు ప్లగ్గులూ ఒకే తీగకు ఉన్నాయి. అంటే పవర్ సప్లై నుంచి ఒకటే తీగ వచ్చి, కార్డు దగ్గర ఒక ప్లగ్గు పెట్టుకుని, అక్కడి నుంచి చిన్న ముక్కగా రెండో ప్లగ్గుకు వెళ్తోంది. దుకాణంలో అమర్చి ఇచ్చింది ఇలాగే. ఫ్యాన్ల మీద దుమ్ము ఉంటే మెత్తని బ్రష్‌తో తుడిచాను.

కొండాపూర్ గ్రాఫిక్స్ ఇంజనీర్:

నమస్కారం అండీ. నేను త్రీడీ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. మీ లాగ్‌లో ఉన్న రెండు సంగతులు విడదీసి చెప్తాను, ఎందుకంటే వాటిని తప్పుగా చదివి చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

కెర్నల్ పవర్ 41 అంటే పవర్ సప్లై పోయిందని కాదు. కిందటిసారి యంత్రం పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాలేదని, మళ్లీ ఆన్ అయ్యాక విండోస్ రాసుకునే మాట అది. బటన్ నొక్కిపట్టి మీరే ఆపారు కాబట్టి అది రాక తప్పదు. ఆ నమోదు తెరిచి వివరాల ట్యాబ్‌లో బగ్‌చెక్ కోడ్ చూడండి. సున్నా ఉండి, పవర్ బటన్ టైమ్‌స్టాంప్ దగ్గర సున్నా కాకుండా ఏదో పెద్ద సంఖ్య ఉంటే, ఎవరో బటన్ నొక్కిపట్టారనే అర్థం. 41కి కాస్త ముందు ఏం నమోదైందో చూడటం ముఖ్యం. డిస్‌ప్లే పేరుతో 4101 ఉందా? ఎన్‌విడియా డ్రైవర్ ఫైలైన ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం పేరుతో ఏమైనా ఉందా?

4101 సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. విండోస్ విస్టా నుంచి ఒక ఏర్పాటు ఉంది, టీడీఆర్ అంటారు. కార్డుకు ఇచ్చిన పని 2 సెకన్లలో కదలకపోతే, కార్డు ఇరుక్కుపోయిందని విండోస్ అనుకుని డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. అది సఫలమైతే తెర ఒక క్షణం నల్లబడి తిరిగి వస్తుంది, 4101 నమోదవుతుంది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కీలు నాలుగూ కలిపి నొక్కితే కూడా డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. ఈసారి తెర పోగానే అది నొక్కి చూడండి. బొమ్మ తిరిగి వస్తే సమస్య డ్రైవర్ స్థాయిలో ఉందనుకోవచ్చు. రాకపోతే, మళ్లీ మొదలుపెట్టడానికి అవతల కార్డే లేదన్నమాట. లినక్స్‌లో ఎన్‌విడియా డ్రైవర్ ఇదే పరిస్థితికి ఎక్స్ఐడీ 79 అని నమోదు చేస్తుంది. కార్డును మదర్‌బోర్డుతో కలిపే పీసీఐఈ మార్గంలో కార్డు ఇక కనిపించడం లేదని దాని భావం.

రిజిస్ట్రీలో టీడీఆర్ గడువు 2 సెకన్ల నుంచి 10 సెకన్లకు పెంచమని ఎవరైనా చెప్తే చేయకండి. భారీ లెక్కలు చేసే ప్రోగ్రాంలకు అది పనికొస్తుంది. కరెంటు అందక పడిపోయిన కార్డుకు ఇంకో ఎనిమిది సెకన్లు ఇచ్చి ప్రయోజనం ఏముంది?

మెనూలో ఎందుకు వచ్చిందని అడిగారు కదా. అందరూ తోసిపుచ్చేది అదే, నాకు మాత్రం మీ లాగ్ మొత్తంలో అన్నింటికంటే ఆసక్తి కలిగించింది అదే. మెనూలో గీయాల్సింది తక్కువ కాబట్టి, ఫ్రేముల సంఖ్యకు పరిమితి లేకపోతే కార్డు సెకనుకు వందల ఫ్రేములు గీస్తూ పోతుంది. చేసేది చిన్న పనే అయినా విశ్రాంతి లేకుండా చేస్తుంది, కరెంటు లాగుడు ఒక్కసారిగా పైకి లేస్తుంది. 2021 జులైలో న్యూ వరల్డ్ ఆట బీటాలో ఉండగా కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు చెడిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. మెనూలో ఫ్రేములకు హద్దు లేకపోవడం మీద అప్పుడు పెద్ద చర్చే జరిగింది. కాబట్టి మెనూ, వర్షంలో యార్డు, ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది కార్డు లాగే కరెంటు.

రెండు పరీక్షలు చేయండి. మొదటిది, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో సెన్సర్ల కిటికీ తెరిచి, రీడింగులను ఫైల్లోకి నమోదు చేయమనండి. మామూలుగా 2 సెకన్లకొకసారి చూస్తుంది, అర సెకనుకు తగ్గించండి. రెండోది, కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాంలో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి, అదే మార్గం, అదే వాతావరణం, అదే సమయం పెట్టి నడపండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి. మీరు 3070 అన్నారు, దాని రేటింగ్ 220 వాట్లు. 70 శాతం అంటే 154. ఆ పరిమితిలో అది నిలబడితే కారణం సాఫ్ట్‌వేర్ కాదని దాదాపు తేలినట్లే.

లాలాగూడ లోకో పైలట్:

అమ్మా, మీరు చెప్పిన రెండూ చేశాను. మీ వివరణ చదువుతుంటే ట్రైనింగ్ స్కూల్లో కూర్చున్నట్లే ఉంది.

బగ్‌చెక్ కోడ్ సున్నానే ఉంది, బటన్ దగ్గర పెద్ద సంఖ్య ఉంది. 4101 ఎక్కడా లేదు. నాలుగు కీలు నొక్కినా బొమ్మ రాలేదు.

ఇక లాగ్. పూర్తి పవర్ మీద, వర్షంలో బల్లార్షా యార్డులోకి వస్తుండగా పడిపోయింది. పడిపోయే ముందు వరసల్లో కార్డు 221 వాట్లు లాగుతోంది. కార్డు వేడి 71 డిగ్రీలు, అందులో అన్నింటికంటే వేడిగా ఉన్న చోటు, అంటే హాట్‌స్పాట్, 84. మదర్‌బోర్డు స్లాటు నుంచి అందే 12 వోల్టుల దగ్గర 11.94 చూపుతోంది. 8 పిన్నుల మొదటి ప్లగ్గు దగ్గర 11.34, రెండో ప్లగ్గు దగ్గర 11.31. చివరి వరసలో రెండో ప్లగ్గు 11.26కు దిగింది. ఆ తర్వాతి వరసల్లో కార్డు గడులన్నీ అక్కడికక్కడే గడ్డకట్టాయి, అంకె మారలేదు. ప్రాసెసర్ గడులు మాత్రం నేను బటన్ నొక్కేదాకా మారుతూనే ఉన్నాయి. పార్క్‌లేన్ వారు అన్నది కళ్లారా చూశాను. యంత్రం బతికే ఉంది, కార్డు ఒక్కటే పోయింది.

డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు అవే ప్లగ్గులు 11.98, 11.96 చూపుతున్నాయి.

70 శాతం పెట్టి కాజీపేట నుంచి బల్లార్షా దాకా మధ్యాహ్నం ఎండలోనే నడిపాను. వర్షం, రాత్రి, పెద్ద యార్డు, అన్నీ పెట్టాను. పడిపోలేదు. కార్డు 154 వాట్లు దాటలేదు, ప్లగ్గుల దగ్గర 11.55 ఉంది. మెనూలో కూడా కావాలనే చాలాసేపు ఆపి ఉంచాను. నిలబడింది.

మా లైన్‌లో పైన తీగలో 25 వేల వోల్టులు ఉంటాయి. లోడు పడినప్పుడు వోల్టేజి కొంత దిగడం మామూలే. అయితే స్లాటు దగ్గర దిగనిది ప్లగ్గుల దగ్గరే ఇంతగా ఎందుకు దిగుతోంది? రెండూ ఒకే పవర్ సప్లై నుంచే వస్తున్నాయి కదా?

పార్క్‌లేన్ రిపేరు పనివాడు:

సార్, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. రెండూ ఒకే పవర్ సప్లై నుంచి బయల్దేరుతున్నాయి. స్లాటుకు మదర్‌బోర్డు మీదుగా 11.94 చేరుతోంది, అంటే పవర్ సప్లై లోపల తయారయ్యే 12 వోల్టులు బాగానే ఉన్నాయి. కార్డు ప్లగ్గు దగ్గరికి వచ్చేసరికి 11.3 అయింది. నడుమ అర వోల్టుకు పైగా ఎవరు తిన్నారు? ఆ ఒక్క తీగ, దాని రెండు కొసల్లోని పిన్నులు. కంప్యూటర్ పవర్ సప్లైలకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టులు అయిదు శాతం తగ్గవచ్చు, పెరగవచ్చు. కింది హద్దు 11.40. మీ ప్లగ్గులు ఆ హద్దుకు దిగువన ఉన్నాయి. అది కూడా అర సెకనుకొకసారి చూసిన అంకె. కార్డు లాగుడు సెకనులో వెయ్యో వంతులో ఎగిరిపడుతుంది, ఆ క్షణాల్లో ఇంకెంత దిగుతుందో హెచ్‌డబ్ల్యూఇన్ఫోకు కనిపించదు. ఇంజన్‌లో రక్షణ రిలే పనిచేసి డీజే, అంటే ప్రధాన సర్క్యూట్ బ్రేకర్, పడిపోయినట్లే, కార్డు తనను తాను ఆపేసుకుంటోంది.

లెక్క వేస్తే మీకే తెలుస్తుంది. 221 వాట్లలో స్లాటు నుంచి 50 వచ్చిందనుకోండి. స్లాటు హద్దు ఎలాగూ 75. మిగతా 170 ఆ ఒక్క తీగలోంచే పోవాలి. ఆంపియర్లలో 15. ఒక్కో 8 పిన్నుల ప్లగ్గుకు ప్రమాణం ఇచ్చిన హద్దు 150 వాట్లు. ఒకే తీగకు రెండు ప్లగ్గులు వేలాడదీసిన కేబుళ్లను కంపెనీలే ఇస్తాయి, మంచి తీగ, బిగువైన పిన్నులు ఉంటే మీ కార్డుకు అది సరిపోవాలి కూడా. కానీ పవర్ సప్లై కొసలో ఒక్క పిన్ను వదులైనా అక్కడ నిరోధం పెరుగుతుంది. 15 ఆంపియర్లు, 0.6 వోల్టులు అంటే 9 వాట్లు. తొమ్మిది వాట్ల వేడి ఆ తీగలోనూ ప్లగ్గులోనూ పుడుతోంది. వేడెక్కిన కొద్దీ నిరోధం ఇంకా పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో ఇలాంటి యంత్రాలు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇందుకే.

చేయాల్సింది ఇది. అంతా ఆపి, ప్లగ్ పీకి, చల్లారాక, పవర్ సప్లై దగ్గర ఆ తీగను ఊడదీయండి. లాక్ నొక్కిపట్టి నేరుగా లాగండి, అటూ ఇటూ ఊపకండి. ప్లగ్గు ముఖం మీద ఏదైనా గడి గోధుమరంగుకు తిరిగిందా, ప్లాస్టిక్ మెత్తబడిందా చూడండి. పవర్ సప్లై వైపు సాకెట్ కూడా టార్చి వేసి చూడండి. రంగు మారితే ఆ సాకెట్ ఇక వాడకండి. తర్వాత రెండు వేర్వేరు తీగలు వేసి, ఒక్కో తీగ నుంచి ఒక్కో ప్లగ్గు మాత్రమే కార్డుకు పెట్టండి. రెండో ప్లగ్గును ఊరికే వేలాడనివ్వండి.

ఒక్క మాట మాత్రం దయచేసి గట్టిగా గుర్తుపెట్టుకోండి. రెండో తీగ మీ పవర్ సప్లై పెట్టెలో వచ్చినదే కావాలి. మా వీధిలోనో ఇంకెక్కడో విడిగా దొరికే తీగ, ఇంట్లో ఉన్న పాత పవర్ సప్లై తీగ, బాగా పట్టినా సరే, పెట్టకండి. కార్డు వైపు పిన్నుల వరస అందరికీ ఒకటే. పవర్ సప్లై వైపు వరసకు ప్రమాణం లేదు, కంపెనీకీ కంపెనీకీ మారుతుంది, ఒకే కంపెనీలో మోడల్‌కూ మోడల్‌కూ మారవచ్చు. ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది, 12 వోల్టులు ఎర్త్ పిన్ను మీదికో, 5 వోల్టులు పోవాల్సిన తీగలోకో పోతాయి. అలా ఎస్‌ఎస్‌డీలు, హార్డ్ డిస్కులు కాలిపోయి, పిల్లల ఫోటోలు పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లకు ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాను. ఇంటర్నెట్‌లో ఈ ఒక్క సంగతి ఎంతమందికి చెప్పినా తక్కువే.

ఘట్‌కేసర్ బీటెక్ విద్యార్థి:

ప్లగ్గు వోల్టేజిని స్లాటు వోల్టేజితో పోల్చి చూడాలని నాకు ఇప్పటిదాకా తెలియదు. మా గదిలో కార్డుకు కూడా ఒకే తీగ ఉంది, ఇప్పుడే చూశాను. అంకుల్, పెట్టె దొరికిందా?

లాలాగూడ లోకో పైలట్:

దొరికింది బాబూ. అటక మీద పవర్ సప్లై పెట్టె అలాగే ఉంది. లోపల నల్ల సంచీలో ఇంకో రెండు 8 పిన్నుల తీగలు, సీలు కూడా తీయకుండా ఉన్నాయి. మోడల్ పేరు పవర్ సప్లై మీద రాసినదానితో సరిచూసుకుని తీశాను.

పాత తీగ ఊడదీస్తే పార్క్‌లేన్ వారు చెప్పినట్లే ఉంది. పవర్ సప్లై వైపు ప్లగ్గులో ఒక మూల గడి గోధుమరంగుకు తిరిగింది. దాని లోపలి పిన్ను మిగతా వాటికంటే వెడల్పుగా తెరుచుకుని ఉంది. లోకో షెడ్‌లో వదులైన లగ్గు, అంటే తీగ కొసన బిగించే లోహపు ముక్క, దగ్గర కేబుల్ ఎలా మాడుతుందో చూసినవాణ్ని కాబట్టి వెంటనే అర్థమైంది. సాకెట్ వైపు మాత్రం శుభ్రంగా ఉంది. అయినా దాన్ని వాడకుండా పక్కనున్న సాకెట్లలో ఆ కొత్త తీగలు రెండూ పెట్టాను. మాడిన తీగను పూర్తిగా తీసేశాను.

పవర్ లిమిట్ 70 శాతం నుంచి వెనక్కి, 100కు తెచ్చాను. ఒంటిగంట ఎండలో, అదే వర్షం, అదే యార్డు. కార్డు 220 వాట్లు లాగుతుండగా ప్లగ్గుల దగ్గర 11.85, 11.86. స్లాటు దగ్గర 11.94. బండి ప్లాట్‌ఫారం మీద ఆగేదాకా తెర కదలలేదు. తర్వాత మెనూలో వదిలేసి భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి అలాగే ఉంది. అప్పటి నుంచి రోజూ నడుపుతున్నాను, ఒక్కసారి కూడా పోలేదు.

అబ్బాయికి ఫోన్ చేసి కార్డు అక్కర్లేదని చెప్పాను. వాడు నమ్మక, లాగ్ ఫైలు పంపించుకుని చూశాడు.

మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. రెండు సందేహాలు మిగిలాయి. మాడిన తీగ చూపించి వారంటీ అడగవచ్చా? పవర్ లిమిట్ ఎప్పటికీ 100లోనే ఉంచవచ్చా, కాస్త తగ్గించి ఉంచడం మంచిదా?

పార్క్‌లేన్ రిపేరు పనివాడు:

అడగండి సార్, తప్పకుండా. మాడిన ప్లగ్గు ఫోటో, బిల్లు, పవర్ సప్లై మీది సీరియల్ నంబరు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి, దుకాణం ద్వారా వద్దు. తీగ ఒక్కటీ ఇస్తామంటే ఒప్పుకోకుండా, సాకెట్ పక్క కూడా పరీక్షించి రాసివ్వమనండి. మాడిన తీగను మాత్రం ఎవరికీ ఇవ్వకండి, వాళ్లు అడిగి తీసుకుంటే తప్ప. ఎవరో ఒకరు మళ్లీ వాడతారు.

పవర్ లిమిట్ 100లో ఉంచవచ్చు, కార్డు తయారైంది దానికే. మీ మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే కొండాపూర్ మేడమ్ చెప్పిన కారణానికే ఫ్రేములకు 60 హద్దు పెట్టుకోండి, మెనూలో కూడా. వేసవి అయ్యేదాకా వారానికొకసారి ఆ ప్లగ్గుల అంకెలు చూస్తూ ఉండండి. పూర్తి లోడు మీద 11.6 దాకా దిగితే ఆటలో పడిపోకపోయినా సరే, ఆపి నాకు ఇక్కడే రాయండి.